నయం కాదన్నాక చేయవలసిన వైద్యం

జబ్బు నయమయ్యే దశ దాటిపోయినంత మాత్రాన నొప్పి ఆగదు. ఆయాసం, వాంతులు, నిద్ర పట్టకపోవడం, చచ్చిపోతానేమోనన్న భయం రోగిని వదలవు. ఇంట్లోవాళ్లకు అప్పులు, అలసట మిగులుతాయి. ఈ బాధలన్నిటికీ పద్ధతి ప్రకారం చేసే వైద్యమే ఉపశమన సేవ. ఆసుపత్రుల్లో దీన్ని పాలియేటివ్ కేర్ అంటారు. హాస్పిస్ దానిలో ఒక భాగం. ఆఖరి నెలల్లో, వారాల్లో ఇంట్లో చూసుకునే వీల్లేని రోగిని ఉంచుకుని చూసే చోటును హాస్పిస్ అంటారు. కొన్ని దేశాల్లో ఆ దశలో ఇంటికే వచ్చే సేవకూ అదే పేరు.

ఉపశమన సేవ అనగానే కేన్సర్ ఒక్కటే గుర్తుకొస్తుంది గానీ దాని పరిధి చాలా పెద్దది. గుండె బలహీనపడి రెండడుగులు వేస్తే రొప్పే మనిషి, ఊపిరితిత్తులు పాడైన బీడీ కార్మికుడు, కాలేయం చెడి పొట్ట ఉబ్బిన రోగి, పక్షవాతంతో మంచాన పడ్డ పెద్దాయన, కన్నబిడ్డల్నే గుర్తుపట్టలేని వృద్ధురాలు, పుట్టుకతో కండరాల జబ్బున్న పిల్లవాడు, వీళ్లందరికీ ఈ సేవ కావాలి. ప్రపంచవ్యాప్తంగా ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి దీని అవసరం ఉంటే, అందుతున్నది 14 శాతం మందికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అవసరమున్న వారిలో నాలుగింట మూడు వంతుల పైచిలుకు మన దేశం లాంటి పేద, మధ్యాదాయ దేశాల్లోనే ఉన్నారు.

పెద్దాసుపత్రుల వరండాల్లో రోజూ వినపడే మాట ఒకటుంది: ‘ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి.’ ఇంటికి తీసుకెళ్లమనడంలో తప్పులేదు. చాలామంది రోగులు కోరుకునేదీ అదే. చేసేదేమీ లేదనడమే అబద్ధం.

ఒక నర్సు పట్టుదల

ఆధునిక హాస్పిస్‌కు ఆద్యురాలు ఇంగ్లండుకు చెందిన సిసిలీ సాండర్స్. 1918లో పుట్టిన ఆమె మొదట నర్సు. వెన్నునొప్పితో ఆ ఉద్యోగం సాగక ఆసుపత్రుల్లోనే సామాజిక సేవా విభాగంలో చేరారు. అప్పుడే, చావుకు దగ్గరైన రోగుల పక్కన డాక్టర్లు ఎక్కువసేపు నిలబడకపోవడం గమనించారు. డాక్టరైతే తప్ప తన మాట ఎవరూ వినరని ముప్పై దాటాక వైద్యం చదివారు. 1967లో దక్షిణ లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను తెరిచారు.

ఆమె తెచ్చిన మార్పుల్లో రెండు ఇప్పటికీ ఈ వైద్యానికి పునాదిగా నిలిచాయి. మొదటిది మార్ఫిన్ ఇచ్చే తీరు. రోగి కేకలు పెట్టేదాకా ఆగి సూది వేయడం అప్పటి అలవాటు. నొప్పి తిరగబెట్టక ముందే గడియారం చూసి నోటి ద్వారా మందు ఇస్తే రోగి మెలకువగా, మామూలుగా మాట్లాడుతూ ఉండగలడని ఆమె చూపించారు. రెండోది నొప్పిని చూసే చూపు. ఒళ్లు నొప్పితో పాటు మనసులో దిగులు, ఇంటి గురించిన బెంగ, ‘నాకే ఎందుకిలా’ అన్న ప్రశ్న కలగలిసి మనిషిని బాధిస్తాయని, అందులో ఒక్కదానికే మందిస్తే మిగతావి ఆ మందును పనిచేయనివ్వవని ఆమె వాదించారు. పెళ్లి కావలసిన కూతురున్న తండ్రికి మాత్రల మోతాదు ఎంత పెంచినా నొప్పి తగ్గకపోవడం, సంబంధం కుదిరిన వారంలో అదే మోతాదు సరిపోవడం ఈ విభాగంలో పనిచేసే వారెవరికీ వింతగా అనిపించదు.

లండన్‌లో ఆ పద్ధతి చూసివచ్చిన బాల్ఫర్ మౌంట్ అనే శస్త్రవైద్యుడు 1970ల మధ్యలో కెనడాలోని మాంట్రియల్‌లో మామూలు ఆసుపత్రి లోపలే ఇలాంటి వార్డు పెట్టారు. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ నొప్పికి మూడు మెట్ల పద్ధతిని ప్రకటించింది. తక్కువ నొప్పికి పారాసిటమాల్ లాంటివి, మధ్యస్థ నొప్పికి ఓపియాయిడ్లు అనే నల్లమందు తరహా మందుల్లో బలహీనమైనవి, తీవ్రమైన నొప్పికి మార్ఫిన్. అదే ఏడాది ముంబైలో దేశపు తొలి హాస్పిస్ ‘శాంతి ఆవేదన’ మొదలైంది. 1993లో కోళికోడ్ వైద్య కళాశాలలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ మరికొందరితో కలిసి పెట్టిన చిన్న క్లినిక్ తర్వాతి కాలంలో కేరళ ముఖచిత్రాన్నే మార్చింది.

ఉపశమన సేవ ఆఖరి రోజుల సంగతి అనుకోవడం డాక్టర్లలోనూ ఉంది. ఈ నమ్మకాన్ని గట్టిగా కదిలించింది 2010లో బోస్టన్ నుంచి వెలువడిన ఒక అధ్యయనం. ముదిరిన ఊపిరితిత్తుల కేన్సర్ ఉన్న 151 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మామూలు చికిత్స, రెండో జట్టుకు దానితో పాటు జబ్బు బయటపడిన కొద్ది వారాల నుంచే ఉపశమన సేవ అందించారు. రెండో జట్టులో దిగులు తగ్గింది, ఆఖర్లో అనవసరమైన కీమో తగ్గింది. అంతకంటే ఆశ్చర్యం, వాళ్లు ఎక్కువ కాలం బతికారు: మధ్యస్థ ఆయుష్షు 8.9 నెలలకు బదులు 11.6 నెలలు. ఒక కొత్త కేన్సర్ మందు ఇంతటి ఫలితమిచ్చి ఉంటే ఏ కంపెనీ అయినా దానిని ఊరూరా టముకు వేసి అమ్మేది. ఇక్కడ అమ్మడానికి ఏమీ లేదు. అందుకే కాబోలు పదిహేనేళ్లు దాటినా ఆ సంగతి మన ఆసుపత్రుల గడప పూర్తిగా దాటలేదు.

నల్లమందు పండే దేశంలో మార్ఫిన్ కరువు

మార్ఫిన్ నల్లమందు నుంచి వస్తుంది. చట్టబద్ధంగా గసగసాల పంట వేసి నల్లమందు జిగురు తీసే అతికొద్ది దేశాల్లో భారత్ ఒకటి. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్, నీమచ్, రాజస్థాన్‌లోని చిత్తోడ్‌గఢ్ ప్రాంతాల రైతులు లైసెన్సు మీద పండిస్తారు. నీమచ్, గాజీపూర్ ప్రభుత్వ కర్మాగారాల్లో శుద్ధి చేస్తారు. ప్రపంచానికి ఎగుమతి కూడా అవుతుంది. ఆ దేశంలోనే అవసరమైన వారిలో ఏ కొద్దిమందికో తప్ప మార్ఫిన్ మాత్ర దొరకదు.

దీనికి కారణం 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం. గంజాయి, హెరాయిన్ దందాను అరికట్టడానికి తెచ్చిన ఆ చట్టం మార్ఫిన్‌నూ అదే గాటన కట్టింది. ఒక ఆసుపత్రి మార్ఫిన్ తెప్పించుకోవాలంటే ఎక్సైజు, ఔషధ నియంత్రణ తదితర శాఖల నుంచి నాలుగైదు లైసెన్సులు తీసుకోవలసి వచ్చేది. అవన్నీ ఒకే సమయంలో చెల్లుబాటులో ఉండాల్సి వచ్చేది. ఒకటి వచ్చేసరికి మరొకదాని గడువు తీరేది. లెక్కలో తేడా వస్తే జైలు. మందుల షాపులు, ఆసుపత్రులు ఆ తలనొప్పి మాకెందుకని మార్ఫిన్ పెట్టడమే మానేశాయి. దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ దాదాపు 97 శాతం పడిపోయి 1997 నాటికి 18 కిలోలకు చేరింది. ఒక తరం డాక్టర్లు మార్ఫిన్ రాయకుండానే చదువు ముగించి, ఉద్యోగం చేసి, రిటైరయ్యారు.

రాజగోపాల్ వంటి వారు రెండు దశాబ్దాలు తిరిగాక 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్ సహా ఆరు మందులను అత్యావశ్యక మాదక ఔషధాలుగా గుర్తించారు. నాలుగైదు లైసెన్సుల స్థానంలో ఒకే అనుమతి సరిపోతుంది. రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి ఒక ఆసుపత్రిని గుర్తింపు పొందిన వైద్యసంస్థగా ప్రకటిస్తే చాలు. అక్కడ నొప్పి నివారణలో శిక్షణ ఉన్న డాక్టరు ఒక్కరుండాలి. కాగితం మీద అడ్డంకి తొలగింది. కానీ ముప్పై ఏళ్ల భయం ఒక సవరణతో పోదు. జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంట్ దరఖాస్తు పెట్టడు, శిక్షణకు డాక్టరును పంపడు. చట్టం మీద మాత్రం ఇంకా నింద వేస్తుంటాడు.

రోగుల భయాలు వేరు. ‘మార్ఫిన్ మొదలెట్టారంటే మనిషి అయిపోయినట్టే’ అని బంధువులు గుసగుసలాడతారు. ‘అలవాటు పడిపోతాడు’ అంటారు. నొప్పికి సరైన మోతాదులో, డాక్టర్ పర్యవేక్షణలో వాడే మార్ఫిన్ ప్రాణం తీయదు, ఆయుష్షును తగ్గించదు. మామూలుగా 5 లేదా 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగు గంటలకోసారి ఇస్తారు. రాత్రి పడుకునే ముందు రెట్టింపు మోతాదు ఇస్తే తెల్లవారుజామున లేపనక్కరలేదు. మధ్యలో నొప్పి తన్నుకొస్తే అదనపు మోతాదు వేసుకోవచ్చు. దాన్ని ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే తర్వాతి సందర్శనలో డాక్టర్ మోతాదు సరిచేస్తారు. మొదటి మూడు నాలుగు రోజులు మగతగా, వికారంగా ఉండొచ్చు, ఆ తర్వాత సర్దుకుంటుంది. సర్దుకోనిది మలబద్ధకం ఒక్కటే. అందుకే మార్ఫిన్ రాసిన చేత్తోనే విరేచనం మందు కూడా రాయాలన్నది ఈ వైద్యంలో తొలి పాఠం. అది రాయని చీటీ వల్ల నొప్పి తగ్గిన మనిషి వారానికి కడుపు బిగిసి మళ్లీ ఆసుపత్రికి వస్తాడు. మార్ఫిన్ పడలేదని చెప్పి ఆపేస్తారు. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో మార్ఫిన్ అవశేషాలు ఒంట్లో పేరుకుంటాయి కాబట్టి మోతాదు, వ్యవధి మార్చాలి లేదా ఫెంటనిల్ వంటి వేరే మందుకు మారాలి. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. కొన్ని వారాల శిక్షణతో ఏ ఎంబీబీఎస్ డాక్టరైనా నేర్చుకోగలడు.

మంచం పక్కన

ఇంటికి వెళ్లే ఉపశమన నర్సు సంచిలో పెద్ద పరికరాలేవీ ఉండవు. బీపీ మిషన్, దూది, గాజు గుడ్డ, గ్లౌజులు, మూత్రం గొట్టాలు, కొన్ని మాత్రల అట్టలు. ఆమె చేసే పనిలో సగం చూడటం, వినడం.

నోటి కేన్సర్ రోగిని తీసుకుంటే సంగతి తేలిగ్గా తెలుస్తుంది. గుట్కా, ఖైనీ, చుట్ట తెలుగునాట నోటి కేన్సర్లను పెంచి పోషిస్తున్నాయి. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు ఆడవాళ్లలోనూ ఉంది. వారిలో అంగిలి మీద కేన్సర్ వస్తుందని వైద్యులు ఏనాడో నమోదు చేశారు. జబ్బు ముదిరితే చెంప బయటికి పుండు పడుతుంది, చీము కారుతుంది. కంపు ఇల్లంతా కమ్ముతుంది. నొప్పి కంటే ఆ వాసనే మనిషిని ఎక్కువ కుంగదీస్తుంది. పలకరించడానికి వచ్చినవారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవడం రోగి చూస్తాడు. మనవలను దగ్గరికి రానివ్వరు. భోజనం పళ్లెం గది బయట పెడతారు. ఆ స్థితిలో నర్సు చేసేది చాలా చిన్న పని. ఉప్పునీళ్లతో పుండు శుభ్రం చేసి, మెట్రోనిడజోల్ మాత్రలను మెత్తగా నూరి ఆ పొడిని పుండు మీద చల్లి కట్టు కడుతుంది. వాసనకు కారణమైన క్రిములను ఆ మందు చంపుతుంది. కొద్ది రోజుల్లో కంపు చాలామటుకు తగ్గుతుంది. రూపాయిల్లో తేలిపోయే ఈ వైద్యంతో మనవడు మళ్లీ తాత మంచం ఎక్కగలుగుతాడు. కట్టు ఎలా కట్టాలో నర్సు ఇంట్లో ఒకరికి నేర్పి వెళ్తుంది. ఆ ఒకరు దాదాపు ఎప్పుడూ కోడలో కూతురో అవుతుంది.

ఆయాసానికీ అంతే. కిటికీ తెరవడం, మంచం తలవైపు ఎత్తు చేయడం, ముఖానికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టడం నిజంగా ఉపశమనం ఇస్తాయి. తగ్గని ఆయాసానికి తక్కువ మోతాదు మార్ఫిన్ పనిచేస్తుందంటే చాలామంది డాక్టర్లే నమ్మరు. కదలలేని రోగిని రెండు గంటలకోసారి ఒత్తిగిల్లేలా తిప్పితే, ఒళ్లు పొడిగా ఉంచితే నడుము కింద పుండ్లు పడవు. పడ్డాక మానడానికి నెలలు పడుతుంది.

ఆఖరి రోజుల్లో తిండి దగ్గర వచ్చే గొడవ తెలుగిళ్లలో మరీ ఎక్కువ. ‘నాలుగు ముద్దలు తింటే బలం వస్తుంది’ అని బతిమాలి, కసిరి, నోట్లో కుక్కుతారు. పోతున్న ఒంటికి ఆకలి ఉండదు, అరగదు. అన్నం మానేయడం వల్ల మనిషి పోవడం లేదు, పోతున్నాడు కాబట్టి మానేశాడు. బలవంతంగా పెట్టిన గంజి పొరబోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే లేని బాధ తెచ్చిపెట్టినట్టవుతుంది. తడిగుడ్డతో పెదాలు, నోరు తుడవడం, అడిగితే చెంచాడు నీళ్లు, ఇష్టమైతే కాసింత పెరుగు నాలుక మీద రాయడం సరిపోతాయి. చివరి గంటల్లో గొంతులో గురగుర వినిపిస్తుంది. ఊపిరాడక విలవిల్లాడుతున్నాడని చుట్టూ ఉన్నవారు కంగారుపడతారు. మింగలేని లాలాజలం అక్కడ నిలవడం వల్ల వచ్చే చప్పుడది. రోగికి అప్పటికి ఆ స్పృహ ఉండదు. పక్కకు ఒత్తిగిలబెడితే చాలావరకు తగ్గుతుంది. ఈ సంగతి ముందే చెప్పి ఉంచితే అర్ధరాత్రి 108కి ఫోన్ చేసి, ఆసుపత్రికి ఉరికి, దారిలో ప్రాణం పోయే దుస్థితి తప్పుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రి తెలుగునాట ఈ సేవకు పుట్టిల్లు. డాక్టర్ గాయత్రి పాలట్ నాయకత్వంలో అక్కడ ఉపశమన విభాగం ఎదిగింది. కేన్సర్ సోకిన పిల్లల కోసం ప్రత్యేకంగా చేసిన పనికి దేశవిదేశాల్లో పేరొచ్చింది. పిల్లల విషయంలో ఈ వైద్యం ఇంకా సున్నితం. పిల్లవాడికి తన జబ్బు గురించి పెద్దలనుకునే దానికంటే ఎక్కువే తెలుసు. హైదరాబాద్‌లోనే రోటరీ ట్రస్టు ఆధ్వర్యంలో నడిచే స్పర్శ్ హాస్పిస్ బంజారాహిల్స్‌లో కొద్ది పడకలతో మొదలై ఖాజాగూడలో పెద్ద భవనానికి మారింది. రోగుల నుంచి డబ్బు తీసుకోదు.

తెలంగాణ ప్రభుత్వం చేవెళ్లలో మొదలుపెట్టి జిల్లాలకు ఉపశమన కేంద్రాలను విస్తరించింది. ‘ఆలన’ పేరుతో వాహనాల్లో నర్సులు మంచాన పడ్డ రోగుల ఇళ్లకు వెళ్తారు. దేశంలో కేరళ తర్వాత ప్రభుత్వ యంత్రాంగం ద్వారా ఈ పని తలపెట్టిన రాష్ట్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి, వాటిలో తెలంగాణ ఒకటి. అయితే ఫలానా చోట రోగి ఉన్నాడని ఉపశమన కేంద్రానికి తెలిపే దారి సరిగా లేదు. కేన్సర్ ఆసుపత్రి డిశ్చార్జి చేసిన మనిషి పేరు అతని మండలంలోని నర్సుకు చేరాలంటే ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. ఆ ఫోన్ ఎవరి ఉద్యోగంలోనూ భాగం కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పథకం కింద డాక్టరు 104 వాహనంలో గ్రామానికి వచ్చి, మంచాన ఉన్నవారిని ఇంటి దగ్గరే చూసే ఏర్పాటు చేశారు. కేంద్రం పేర్కొన్న పన్నెండు ప్రాథమిక సేవల్లో వృద్ధుల సంరక్షణతో పాటు ఉపశమన సేవ కూడా ఉంది కాబట్టి ఊరి క్లినిక్‌లోని నర్సుకు ఇది కొత్త బాధ్యతేమీ కాదు. కావలసింది ఆమెకు శిక్షణ, దగ్గర్లోని ఏరియా ఆసుపత్రిలో మార్ఫిన్ అనుమతి, రెండింటినీ కలిపే ఒక రిజిస్టరు.

దీని అవసరం ఎంతో శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని చూస్తే అర్థమవుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో దశాబ్దాలుగా కారణం తేలని కిడ్నీ జబ్బు కుటుంబాలను తినేస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. డయాలసిస్ కేంద్రాలు పెరిగాయి. మంచిదే. డయాలసిస్ చేయించుకుంటూనే ఒళ్లంతా దురద, కాళ్ల తిమ్మిర్లు, నిద్రలేమితో నలిగే మనిషికి ఉపశమన సేవ కావాలి. వృద్ధాప్యంలో, మరిన్ని జబ్బులతో, వారానికి మూడుసార్లు మిషన్ మీద పడుకోలేనని చెప్పే మనిషికి డయాలసిస్ లేకుండా బాధలు తగ్గించి చూసే దారి కూడా ఉంది. ఆ దారి ఉందని చెప్పేవారే అరుదు.

ఇక డబ్బు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ లక్షల కుటుంబాలకు శస్త్రచికిత్స, కీమో, రేడియేషన్ అందించింది. ప్యాకేజీ లెక్క అంతా ఆసుపత్రి పడక చుట్టూ తిరుగుతుంది. పథకం కవర్ చేయని చోట ఎకరం అమ్మి, పుస్తెలు తాకట్టు పెట్టి ఐసీయూ బిల్లు కడతారు. డబ్బు అయిపోయిన రోజు ‘లామా’ కాగితం మీద సంతకం పెడతారు. డాక్టర్ సలహాకు విరుద్ధంగా సొంత పూచీ మీద తీసుకెళ్తున్నామని ఆ కాగితం చెబుతుంది. నొప్పి మందు చీటీ కూడా లేకుండా రోగి ఇంటికి చేరతాడు. ఆసుపత్రి చేతులు దులుపుకోవడానికి ఇంతకంటే తేలికైన పద్ధతి లేదు.

కేరళ చేసింది

కేరళలో 1990ల చివర మలప్పురంలో ఇరుగుపొరుగు వాళ్లే ఉపశమన సేవను తమ చేతుల్లోకి తీసుకున్నారు. టీచర్లు, ఆటో డ్రైవర్లు, చిన్న వ్యాపారులు, విద్యార్థులు కొన్ని గంటల శిక్షణ తీసుకుని ఊళ్లో మంచాన ఉన్నవారి జాబితా రాశారు. నెలకు కొద్దిపాటి చందాలు పోగుచేసి నర్సుకు జీతం, జీపుకు అద్దె కట్టారు. డాక్టర్ వెనక ఉండి సలహా ఇస్తాడు. స్వచ్ఛంద కార్యకర్తలు బియ్యం ఇస్తారు, పిల్లల ఫీజు చూస్తారు, పింఛను దరఖాస్తు నింపుతారు. 2008లో ఆ రాష్ట్రం దేశంలో తొలిసారి ఉపశమన విధానాన్ని ప్రకటించి, పంచాయతీలకే ఈ బాధ్యత అప్పగించింది.

కేరళను తెలుగునాట యథాతథంగా దించలేం. అక్కడి పంచాయతీకి ఉన్న నిధులు, అధికారాలు ఇక్కడి సర్పంచికి లేవు. కానీ ఊరూరా స్వయం సహాయక సంఘాలున్న రాష్ట్రాలు మనవి. నెలనెలా కూర్చుని అప్పు, పొదుపు లెక్క రాసుకునే డ్వాక్రా మహిళలకు వీధిలో ఎవరు మంచాన ఉన్నారో ఏ సర్వే కంటే బాగా తెలుసు. కేరళలో కొత్తగా పుట్టించవలసి వచ్చిన మానవబలం ఇక్కడ ముప్పై ఏళ్లుగా సిద్ధంగా ఉంది.

చెప్పాలా, వద్దా

‘నాన్నగారికి మాత్రం చెప్పకండి డాక్టర్ గారూ, తట్టుకోలేరు.’ కేన్సర్ డాక్టర్ గదిలో ఈ మాట వినపడని రోజు ఉండదు. ప్రేమతోనే అంటారు. అవతల తండ్రి కూడా, పిల్లలు బాధపడతారని, తనకు తెలిసిన సంగతి తెలియనట్టే నటిస్తుంటాడు. పొలం ఎవరి పేర రాయాలో, ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరిని క్షమాపణ అడగాలో ఆయన చెప్పకుండానే పోతాడు. ఉపశమన వైద్యులు నిజాన్ని మొహాన కొట్టరు. ‘మీ జబ్బు గురించి మీకేం తెలుసు? ఇంకా తెలుసుకోవాలని ఉందా?’ అని అడిగి, రోగి ఎంతవరకు రానిస్తే అంతవరకే వెళ్తారు. తెలుసుకోవాలని లేదంటే అదీ ఆయన హక్కే. సాధారణంగా రోగులు తెలుసుకోవాలనే అంటారు.

తెలుగు కుటుంబాల్లో ఇంకో పాత్ర ఉంది: అమెరికాలో ఉన్న కొడుకు లేదా కూతురు. రోజూ తల్లికి మలం ఎత్తేది ఇక్కడున్న కోడలు. వీడియో కాల్‌లో ‘డబ్బు నేను పంపిస్తాను, వెంటిలేటర్ పెట్టించండి’ అనేది అక్కడున్న బిడ్డ. దూరంగా ఉన్నానన్న అపరాధభావం అలా మాట్లాడిస్తుంది. ఆ కాల్‌లో ఉపశమన డాక్టర్‌ను కూడా కలిపితే సగం తగాదాలు అక్కడే తేలిపోతాయి. విచిత్రమేమంటే ఆ బిడ్డ ఉండే దేశంలో 1983 నుంచే ప్రభుత్వ వృద్ధుల బీమా హాస్పిస్ ఖర్చు భరిస్తోంది.

వెంటిలేటర్ పెట్టాక తీయవచ్చా అన్నది చట్టపరమైన చిక్కు. అరుణా శాన్‌బాగ్ కేసులో 2011లో, కామన్ కాజ్ కేసులో 2018 మార్చి 9న సుప్రీంకోర్టు దారి చూపింది. రెండో తీర్పులో, గౌరవంగా మరణించే హక్కు జీవించే హక్కులో భాగమని, నయమయ్యే ఆశ లేనప్పుడు ప్రాణాధార చికిత్స ఆపవచ్చని, మనిషి తన కోరికను ముందుగానే రాసి పెట్టుకోవచ్చని చెప్పింది. అప్పటి నిబంధనలు మేజిస్ట్రేటు సంతకం దాకా వెళ్లడంతో ఎవరూ ఆ జోలికి పోలేదు. 2023 జనవరిలో కోర్టే వాటిని సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు రాసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే చాలు. ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్ల బోర్డు, దానిపై మరో ముగ్గురి బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లోగా అభిప్రాయం చెప్పాలి. గుండె ఆగితే ఛాతీ నొక్కి తిరిగి ఆడించే ప్రయత్నం వద్దనుకునే నిర్ణయంపై భారత వైద్య పరిశోధన మండలి 2020లోనే మార్గదర్శకాలిచ్చింది. 2025 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం సుప్రీంకోర్టు తీర్పు అమలుకు ఉత్తర్వు జారీ చేసింది. ఇలా చికిత్స ఆపడం, మందిచ్చి ప్రాణం తీసే కారుణ్య మరణం కాదు. ప్రాణం తీసే సూది ఇవ్వడం దేశంలో ఇప్పటికీ నేరమే. పనిచేయని చికిత్సను ఆపి, నొప్పి లేకుండా చూసే చికిత్సను మాత్రం ఆపకపోవడం ఇది.

రోగి ఇంట్లోవారు డిశ్చార్జి రోజున ఆసుపత్రిని కొన్ని ప్రశ్నలు నిలబెట్టి అడగాలి. నొప్పి పెరిగితే రాత్రి ఏ మందు వేయాలి? మార్ఫిన్ అవసరమైతే మన జిల్లాలో ఎక్కడ దొరుకుతుంది? ఇంటికి వచ్చే ఉపశమన బృందం నంబరు ఏది? ఇవి డిశ్చార్జి కాగితం మీద రాసి ఇమ్మనాలి. జిల్లా ఆసుపత్రిలో ఉపశమన విభాగం ఉందేమో కనుక్కోవాలి. లేకపోతే ఎందుకు లేదని సూపరింటెండెంటును, కలెక్టర్ గ్రీవెన్స్‌లో అధికారులను అడగాలి. 2014 సవరణ తర్వాత మార్ఫిన్ లేకపోవడానికి చట్టాన్ని సాకుగా చూపే హక్కు ఏ ప్రభుత్వ ఆసుపత్రికీ లేదు.